వంటింటి తలుపు వెనక పారిస్ రాత్రులు
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

గత సంచికలో ఈ శీర్షిక కింద అమెరికన్ నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఆత్మకథ ‘ది బిగ్ సీ’ గురించి నాలుగు మాటలు రాశాను. 1940లో అచ్చయిన ఆ పుస్తకంలో, 1924లో అతను పారిస్ నైట్‌క్లబ్బుల వంటింట్లో పనిచేసిన రోజులూ, అక్కడ ఒక అమ్మాయిని ప్రేమించిన వసంతమూ ఉన్నాయి. యవ్వనంలో పరాయి నగరంలో గడిపిన రాత్రుల మీద వచ్చిన జ్ఞాపకాల పుస్తకాలు చాలా ఉన్నా, నాకు అన్నిటికన్నా దగ్గరైనవి ఆ కొన్ని అధ్యాయాలే. వాటి గురించి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: హ్యూస్ కవితలు కొన్ని తెలుగు అనువాదాల్లో చదివాను. నదుల మీద ఆయన రాసిన కవిత నాకు కంఠతా వచ్చు. అంత గంభీరమైన కవి నైట్‌క్లబ్‌లో అంట్లు తోమాడని మీరు రాస్తే ఆశ్చర్యం కలిగింది. ఆయన అక్కడికి ఎలా చేరాడు? ఆ అనుభవం ఆయన కవిత్వానికి ఏమైనా ఇచ్చిందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు చెప్పిన నదుల కవిత 1921లో ‘ది క్రైసిస్’ పత్రికలో అచ్చయింది. ఆ ఏడాదే హ్యూస్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు, ఏడాది తిరగ్గానే మానేశాడు. చిన్నాచితకా పనులు చేసి, 1923లో పశ్చిమ ఆఫ్రికా వెళ్ళే సరుకుల ఓడలో పనివాడిగా ఎక్కాడు. ఓడ న్యూయార్క్ తీరాన్ని వదులుతున్న రాత్రి, వెంట తెచ్చుకున్న పుస్తకాలను సముద్రంలోకి విసిరేశానని ఆత్మకథ మొదట్లోనే చెప్పుకున్నాడు. ఆఫ్రికా రేవులు చూసి వచ్చాక యూరప్ వెళ్ళే మరో ఓడలో పని దొరికింది. రోటర్‌డామ్‌లో ఆ ఓడ దిగిపోయి పారిస్‌కు రైలెక్కాడు. 1924 ఫిబ్రవరిలో ఒక ఉదయం గార్ దు నోర్ స్టేషన్‌లో అడుగు పెట్టేసరికి, టికెట్టుకీ వీసాకీ పోగా అతని జేబులో మిగిలినవి 7 డాలర్లు.

తనవాళ్ళు మోమార్త్ ప్రాంతంలో ఉంటారని విని అక్కడికి వెళ్ళాడు. అక్కడ స్థిరపడిన నల్లవాళ్ళు అతన్ని పెద్దగా ఆదరించలేదు. జాజ్ వాయించడమో, నృత్యం చేయడమో వస్తే సరే, రెండూ రాకపోతే వచ్చిన దారినే వెళ్ళిపొమ్మన్నారు. హ్యూస్‌కు రెండూ రావు. తనలాగే చేతిలో డబ్బు లేని ఒక రష్యన్ నర్తకితో కలిసి చవక గది ఒకటి అద్దెకు తీసుకుని కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. మొదట దొరికింది ఒక చిన్న క్లబ్ తలుపు దగ్గర కాపలా పని. రాత్రికి 5 ఫ్రాంకులూ, ఒక పూట భోజనమూ ఇచ్చేవారు. అప్పటి మారకంలో 5 ఫ్రాంకులంటే పావు డాలర్ కూడా కాదు. లోపల కొట్లాటలు జరిగితే ఆపవలసిన బాధ్యత కూడా తనదేనని తెలిశాక అతనికి ఆ ఉద్యోగం మీద మనసు విరిగింది. తర్వాతి కాలంలో చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న రేఫర్డ్ లోగన్ అప్పుడు పారిస్‌లోనే ఉన్నాడు. అతని సాయంతో పిగాల్ వీధి 52వ నంబరులో ఉన్న ‘లె గ్రాన్ ద్యూక్’ నైట్‌క్లబ్ వంటింట్లో పని కుదిరింది.

ఆ పుస్తకంలో నేను మళ్ళీ మళ్ళీ చదివే పేజీలు ఇక్కడ మొదలవుతాయి. ఊరంతా నిద్రకు ఉపక్రమించే వేళ అతని పని మొదలై, తెల్లవారి జనం ఉద్యోగాలకు బయల్దేరే వేళకు ముగిసేది. వంటింటికి పెద్ద బ్రూస్ అనే ఒంటికన్ను నల్లజాతి వంటవాడు. అమెరికా దక్షిణాది పద్ధతిలో అతను వేయించే కోడిమాంసం కోసం అర్ధరాత్రి దాటాక కూడా జనం వచ్చేవారు. యాజమాన్యం ఒకసారి అతన్ని తీసేయాలని చూస్తే అతను కత్తి అందుకున్నాడు. అంతటితో ఆ ప్రస్తావన ఆగిపోయింది. హ్యూస్ ఈ మనిషిని వర్ణించిన తీరు చూడండి. అతని కోపాన్నీ, పనితనాన్నీ పక్కపక్కనే పెట్టాడు. ఏ ఒక్కదాన్నీ తక్కువ చేయలేదు.

తెల్లవారుజామున మిగతా క్లబ్బులు మూతపడగానే అక్కడి వాద్యగాళ్ళంతా తమ వాయిద్యాలతో గ్రాన్ ద్యూక్‌కు చేరేవారు. పామర్ జోన్స్ పియానో ముందు, బడీ గిల్మోర్ డ్రమ్ముల ముందు కూర్చునేవారు. ఆ గంటల్లో వాళ్ళు వాయించింది గిరాకీల కోసం కాదు, ఎవరి కోరికా తీర్చడానికి కాదు. ఒకరి మాటకు మరొకరు జవాబిస్తున్నట్టుగా, సూర్యుడు పైకొచ్చే దాకా వాయించుకుంటూ పోయేవారు. డబ్బిచ్చి షాంపేన్ తాగిన అతిథుల్లో చాలామంది అప్పటికే వెళ్ళిపోయి ఉండేవారు. ఆ పూట సంగీతంలో అసలైన భాగం వంటింట్లో ఉన్నవాళ్ళకే దక్కింది. అంట్ల తొట్టి దగ్గర నిలబడి విన్న ఆ లయను కవితలోకి తేవాలన్న పట్టుదల హ్యూస్‌లో ఇక్కడే గట్టిపడిందని నా నమ్మకం. పారిస్ క్యాబరేలో జాజ్ బృందం మీద అతను రాసిన కవిత 1927లో వచ్చిన సంపుటంలో ఉంది. చిన్న చిన్న పాదాలు, మధ్యలో పిలుపులు, పలు భాషల ముక్కలు కలిసిన ఆ కవిత చదివితే, బల్ల దగ్గర కూర్చున్నవాడి కన్నా తలుపు వెనక నిలబడ్డవాడి చెవి ఎంత చురుకైనదో తెలుస్తుంది.

ప్రశ్న: అప్పట్లో పారిస్‌లో అంతమంది అమెరికన్ నల్లవాళ్ళు ఎందుకున్నారు? అక్కడ నిజంగా రంగు వివక్ష ఉండేది కాదా? లేక అది యవ్వనపు రంగుటద్దాల్లోంచి కనిపించిన పారిసా?
— ఒక పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: మూలం మొదటి ప్రపంచ యుద్ధంలో ఉంది. అమెరికా సైన్యం తన నల్లజాతి దళాలను తెల్ల దళాల పక్కన పోరాడనివ్వడానికి ఇష్టపడక, కొన్నింటిని ఫ్రెంచ్ సేనాపతుల కిందికి పంపింది. వాటిలో ఒకటి న్యూయార్క్‌లో నల్లవాళ్ళ పేట అయిన హార్లెమ్ నుంచి వచ్చిన 369వ పదాతి దళం. ఆ దళంతో పాటు జేమ్స్ రీస్ యూరప్ అనే సంగీతకారుడు నడిపిన బ్యాండు 1918లో ఫ్రాన్స్ ఊళ్ళలో వాయించిన సంగీతమే చాలామంది ఫ్రెంచివాళ్ళు చెవులారా విన్న మొదటి జాజ్. యుద్ధం ముగిశాక కొందరు అక్కడే ఉండిపోయారు. స్వదేశంలో హోటల్ గదికీ, రైలు పెట్టెకూ, సినిమా హాలుకూ రంగు చూసి వేరు దారి చూపించే చట్టాలు ఉండగా, ఇక్కడ ఏ కాఫీ హోటల్లోనైనా కుర్చీ లాక్కుని కూర్చోవచ్చు. ఫ్రాంకు విలువ పడిపోయి డాలర్‌కు బలం పెరిగింది. 1920 నుంచి అమెరికాలో మద్యనిషేధం. ఈ కారణాలన్నీ కలిసి అమెరికన్ డబ్బునూ, ఆ డబ్బుకు వినోదం పంచే అమెరికన్ వాద్యగాళ్ళనూ మోమార్త్‌లో ఒక్కచోట చేర్చాయి.

గ్రాన్ ద్యూక్‌ను నడిపిన యూజిన్ బులార్డ్ కథ ఒక్కటే చాలు, ఈ మొత్తం అర్థం కావడానికి. జార్జియా రాష్ట్రంలో 1895లో పుట్టి, కుర్రతనంలోనే ఓడలో దొంగచాటుగా యూరప్ చేరి, బాక్సింగ్ చేసి బతికాడు. ఫ్రెంచ్ సైన్యంలో చేరి వెర్దాఁ యుద్ధంలో గాయపడ్డాడు. 1917లో యుద్ధ విమానం నడిపాడు. అమెరికా యుద్ధంలోకి దిగాక తన దేశపు వైమానిక దళంలో చేరతానంటే వాళ్ళు తీసుకోలేదు. ఫ్రాన్స్ పతకాలిచ్చిన ఆ మనిషి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా తిరిగి వెళ్ళాక, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో లిఫ్టు నడిపాడు. 1961లో కన్నుమూశాడు. అమెరికా వైమానిక దళం అతనికి సెకండ్ లెఫ్టినెంట్ హోదా ఇచ్చింది 1994లో.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇది: ఆ స్వేచ్ఛ నిజమే, అది అందరిదీ కాదు. అమెరికా నుంచి వచ్చిన నల్లవాడు పారిస్‌లో అతిథి. సెనెగల్ నుంచో, దహోమీ (ఇప్పటి బెనిన్) నుంచో వచ్చిన నల్లవాడు ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న ప్రజ. పైగా అమెరికన్ పర్యాటకులు తమ దురభిమానాన్ని సామానుతో పాటే వెంట తెచ్చుకున్నారు. దహోమీకి చెందిన న్యాయవాది కోజో తోవాలూ ఉవెనూను 1923లో మోమార్త్‌లోని ఒక క్లబ్ నుంచి బయటికి గెంటివేయడం పెద్ద అల్లరై, ఫ్రెంచ్ ప్రభుత్వమే కలగజేసుకోవలసి వచ్చింది. హ్యూస్ పారిస్ చేరింది ఆ మరుసటి ఏడాదే. అంతకు కొన్ని నెలల ముందే అతను ఆఫ్రికా రేవుల్లో తెల్లదొరల పాలన ఎలా ఉంటుందో కళ్ళారా చూసి ఉన్నాడు. అందుకే అతని పారిస్‌లో పరవశం ఉన్నా భ్రమ లేదు. యవ్వనపు రంగుటద్దాలన్నారు. ఆకలేసిన కుర్రవాడికి అటువంటి అద్దాలు ఎక్కువసేపు నిలవవు, ఆ పుస్తకంలో ఆకలి ప్రతి పేజీకీ తగులుతూనే ఉంటుంది.

ప్రశ్న: బ్రిక్‌టాప్ అనే గాయని పేరు మీ వ్యాసంలో ఒక్కసారి వచ్చి మాయమైంది. ఆమె గురించి చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆమె అసలు పేరు ఏడా స్మిత్. ఎర్రటి జుట్టు వల్ల బ్రిక్‌టాప్ అనే పేరు స్థిరపడింది. గ్రాన్ ద్యూక్‌లో అంతకుముందు పాడిన ఫ్లోరెన్స్ మరో క్లబ్‌కు వెళ్ళిపోతే, ఆమె స్థానంలో 1924 వసంతంలో న్యూయార్క్ నుంచి ఈమెను పిలిపించారు. ఓడ దిగి వచ్చి చూస్తే డజను బల్లలు పట్టే ఇరుకు గది. ఇది ముందు భాగమే అనుకుని, అసలు క్యాబరే ఎక్కడని అడిగిందట. ఇదేనని చెప్పేసరికి ఏడుపు ఆగలేదు. వంటింట్లోంచి ఒక కుర్రవాడు వచ్చి ఊరడించి, తినడానికి ఏదో పెట్టాడు. ఆ కుర్రవాడు హ్యూస్. ఈ సంగతిని ఆమె చాలా ఏళ్ళ తర్వాత తన జ్ఞాపకాల్లో చెప్పింది. కొద్దికాలంలోనే ఆమె పారిస్ రాత్రులకు పట్టపురాణి అయింది, తన పేరుతోనే క్లబ్ తెరిచింది, కోల్ పోర్టర్ వంటి స్వరకర్తలు ఆమెకు ఆప్తులయ్యారు. మొదటి రోజు ఏడ్చిన మనిషి ఆకలి గమనించినవాడు వంటింటివాడే కావడం నాకు సహజంగా తోస్తుంది.

ప్రశ్న: ఆ పుస్తకం ఇంగ్లీషులో సంపాదించి చదివాను. వాద్యగాళ్ళకీ, వంటవాళ్ళకీ, క్లబ్ గొడవలకీ అన్ని పేజీలు ఇచ్చిన రచయిత, తను ప్రేమించిన మేరీకి మాత్రం కొన్ని పేజీలే ఇచ్చాడు. ఆమె ఏమనుకుందో, తర్వాత ఏమైందో లేదు. ఆడపిల్ల కథ కనుక తేలిగ్గా తీసుకున్నాడని నాకు కోపం వచ్చింది. మీరు ఏమంటారు?
— ఒక అధ్యాపకురాలు, విజయవాడ

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది, దాన్ని పక్కన పెట్టకుండానే ఇంకో వైపు నుంచి కూడా చూడమని కోరుతున్నాను.

ముందు కథ ఏమిటో చదవనివారి కోసం చెబుతాను. మేరీ తండ్రి పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న డబ్బున్నవాడు. ఆమె ఇంగ్లండులో చదువుకుని, ఫ్రెంచి నేర్చుకోవడానికి పారిస్ వచ్చింది. తెల్లవారే దాకా అంట్లు తోమి, పొద్దెక్కేదాకా నిద్రపోయే కుర్రవాడికీ, నెలనెలా ఇంటి నుంచి డబ్బు వచ్చే చదువుకున్న అమ్మాయికీ మధ్య ఆ వసంతంలో స్నేహం ముదిరింది. ఇద్దరికీ పుస్తకాలు ఇష్టం, ఇద్దరికీ ఆ నగరం కొత్త. సాయంత్రాలు కలిసి తిరిగేవారు. అతను పనికి వెళ్ళే వేళ దగ్గర పడేదాకా మాత్రమే వాళ్ళకు సమయం ఉండేది. మీగడలో ముంచుకుని తిన్న చిట్టి చిట్టి అడవి స్ట్రాబెర్రీలను అతను మర్చిపోలేకపోయాడు. విషయం తండ్రికి తెలిసింది. మనిషిని పంపి కూతుర్ని లండన్‌కు రప్పించుకున్నాడు. ఇంతే కథ.

అతని జీవితచరిత్ర రాసిన ఆర్నాల్డ్ రాంపర్‌సాడ్, ఆమె అసలు పేరు ఆన్ కూసీ అని 1986లో వచ్చిన మొదటి సంపుటంలో వెల్లడించాడు. తర్వాత ఆమె ట్రినిడాడ్‌కు చెందిన న్యాయవాది హ్యూ వుడింగ్‌ను వివాహం చేసుకుంది. ఆత్మకథ అచ్చయిన 1940 నాటికి ఆమెకు సంసారం ఉంది. క్లబ్‌లోని వాళ్ళను హ్యూస్ అసలు పేర్లతోనే రాశాడు. వాళ్ళు వేదిక మీది మనుషులు, రాత్రిపూట వాళ్ళ పేర్లే వాళ్ళ బతుకుదెరువు. ప్రేమించిన అమ్మాయికి మాత్రం ఇంటిపేరు ఇవ్వలేదు, కుటుంబ వివరాలు మార్చాడు, విడిపోయిన సాయంత్రాన్ని పొడిగించలేదు. నేను దీన్ని సంయమనంగానే చదువుకున్నాను. మనకు ఆత్మకథల్లో ఈ విషయంలో రెండే పద్ధతులు ఎక్కువగా కనిపిస్తాయి: యవ్వనంలో ప్రేమ అనేదే లేనట్టు నేరుగా పెళ్ళిచూపుల దగ్గరికి దూకడం ఒకటి, అవతలి మనిషి పరువు గుర్తు లేకుండా ఉత్తరాలతో సహా అచ్చువేయడం రెండోది. హ్యూస్ ఈ రెంటి మధ్య నడిచాడు.

అయినా మీరు అన్నది మిగిలే ఉంటుంది. ఆమె మాట ఆ పేజీల్లో వినపడదు. రైలెక్కి వెళ్ళిపోయినదాకా మాత్రమే ఆమె అతనికి తెలుసు. ఆ తర్వాతిది ఊహించి రాయకపోవడం మంచిదే, ఆమె ఏం కోరుకుందో ఒక్క వాక్యమైనా చెప్పి ఉండవలసింది. తండ్రి ఆజ్ఞకు లోబడిన కూతురిగానే ఆమెను మనం చూస్తాం. చదువుకున్న, సొంత ఆలోచన ఉన్న యువతి ఆ నిర్ణయానికి ఎలా వచ్చిందో మనకు తెలియదు. మోమార్త్ వంటవాడి స్వభావాన్ని అంత సూక్ష్మంగా పట్టిన చూపు, ఆమె దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తలదించుకుందో నేను కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. సిగ్గు కావచ్చు, చేతిలో డబ్బు లేని మగవాడి అవమానం కావచ్చు. ఆత్మకథ మొత్తంలో హ్యూస్ తన గుండె లోపలి భాగాన్ని చాలా తక్కువగా తెరుస్తాడన్నది చాలామంది విమర్శకులు ఒప్పుకునే మాట.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి డబ్లిన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చట. బార్ ఉన్న ఒక రెస్టారెంట్ వంటింట్లో రాత్రి షిఫ్టుకు కుదిరాడు. శుక్ర, శనివారాల్లో తెల్లవారుజామున రెండు గంటలకు గదికి వెళ్తున్నాడు. వాళ్ళమ్మకు నిద్ర పట్టడం లేదు. మీరేమో నైట్‌క్లబ్‌లో పని చేయడాన్ని గొప్పగా రాశారు. మా అబ్బాయి దారి తప్పడని మీరు చెప్పగలరా?
— ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: అండీ, అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేరు, నేను కూడా ఇవ్వను. మీ భయాన్ని చిన్నచూపు చూడడమూ నా ఉద్దేశం కాదు. ఒక తేడా మాత్రం గమనించమని మనవి. రాత్రిపూట ఆ ఊరికి ఖర్చు పెట్టడానికి వెళ్ళేవాడి రాత్రి వేరు, సంపాదించడానికి వెళ్ళేవాడి రాత్రి వేరు. వేడి నీళ్ళల్లో చేతులు ఒరుసుకుపోయి, గంటల తరబడి నిలబడ్డ కాళ్ళతో గదికి చేరే కుర్రవాడికి మరుసటి ఉదయం క్లాసుకు లేవగలనా అన్నదే మొదటి బెంగ. మీ అబ్బాయి విషయంలో నాకు ఆందోళన కలిగించేది బార్ పక్కన ఉండడం కాదు, నిద్ర చాలకపోవడమూ, చలిలో బస్సు లేని వేళ నడిచి వెళ్ళడమూ. వీటి గురించి అడగండి. షిఫ్ట్ అయ్యాక గదికి ఎలా వెళ్తున్నాడు, తోడు ఎవరు, అక్కడ పెట్టే భోజనం తింటున్నాడా, ఒప్పుకున్న గంటలకు పూర్తి జీతం ఇస్తున్నారా అని అడగండి. చెడిపోతున్నావా అని అడిగితే, పిల్లలు ఫోను తీయడం తగ్గిస్తారు.

హ్యూస్ తండ్రి కథ కూడా మీకు చెప్పాలి. మెక్సికోలో స్థిరపడి డబ్బు చేసుకున్న ఆయన, కొడుకు గనుల ఇంజనీరు కావాలని, స్విట్జర్లాండ్‌కో, జర్మనీకో పంపి చదివించాలని పట్టుబట్టాడు. కవిత్వం కడుపు నింపదన్నది ఆయన వాదన. కొలంబియాలో ఒక ఏడాది ఫీజు కట్టాడు. కొడుకు చదువు మానేయగానే డబ్బూ ఆగిపోయింది, మాటలూ తెగిపోయాయి. పారిస్‌లో చేతిలో ఏమీ లేని రోజుల్లో హ్యూస్ సాయం కోరుతూ ఉత్తరం రాసింది తల్లికి. ఆవిడ తానే ఇబ్బందుల్లో ఉన్నానని, కొడుకే ఏమైనా పంపగలడేమో అనుకున్నానని జవాబు రాసింది. తండ్రికి రాయాలని అతనికి తోచనే లేదు. మీ అబ్బాయి షిఫ్టు ఎన్నింటికి ముగుస్తుందో మీకు తెలుసు, అతను చెప్పబట్టే కదా తెలిసింది. ఆ దారి మూసుకుపోకుండా చూసుకోండి, వాళ్ళమ్మగారితో కూడా ఈ మాట చెప్పండి.

ప్రశ్న: 1970లలో మాస్కోలోని లుముంబా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాను. ఒక అమ్మాయితో నాలుగేళ్ళ స్నేహం, హాస్టళ్ళలో పాటలు, మంచులో తెల్లవారేదాకా నడకలు, అన్నీ ఉన్నాయి. చదువు అయ్యాక వచ్చేశాను, ఇక్కడ పెళ్ళి చేసుకున్నాను. ఇప్పుడు మనవలున్నారు. ఆ రోజులు రాయాలని ఉంది. రాస్తే నా భార్య బాధపడుతుందేమో, రాయకపోతే నాతోనే పోతాయేమో అనిపిస్తోంది. హ్యూస్ పుస్తకం నాకు దారి చూపిస్తుందా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రాయండి. అచ్చువేయడం సంగతి తర్వాత చూసుకుందురుగాని. ఈ రెంటినీ కలిపి ఆలోచిస్తే చేయి కదలదు.

హ్యూస్ దగ్గర నేర్చుకోదగినది మొదటగా లెక్క చెప్పే అలవాటు. పారిస్ నుంచి ఇటలీ వెళ్ళి, రైల్లో పాస్‌పోర్టూ, డబ్బూ పోగొట్టుకుని, జెనోవా రేవులో చిక్కుకుపోయి, అమెరికా ఓడలు తెల్ల నావికుల్ని ఎక్కించుకుని తనను వదిలేస్తుంటే చూస్తూ కొన్ని వారాలు గడిపి, చివరికి ఒక ఓడలో పనిచేస్తూ 1924 నవంబరులో న్యూయార్క్ చేరాడు. అప్పుడు అతని దగ్గర మిగిలింది పావు డాలర్. 7 డాలర్లతో పారిస్‌లో దిగాను కనుక నా మొదటి యూరప్ యాత్రకు అయిన ఖర్చు 6 డాలర్ల 75 సెంట్లు అని తేల్చాడు. తన దేశంలో తనకూ చోటుందని ప్రకటించే ‘నేనూ’ అన్న అతని ప్రఖ్యాత కవిత ఆ జెనోవా రోజుల్లోదే. ఆ అవమానం గురించి అతను ఆత్మకథలో ఉపన్యాసం ఇవ్వలేదు. ఏ ఓడ వచ్చింది, ఎవరిని ఎక్కించుకుంది, ఆ పూట ఏం తిన్నాడు అన్నవి రాశాడు. మీరు కూడా ఉపకార వేతనం ఎన్ని రూబుళ్ళు వచ్చేదో, అందులో రొట్టెకు ఎంత పోయేదో, హాస్టల్ తలుపు ఎన్నింటికి మూసేవారో, కాపలా ముసలావిడను ఎలా ఒప్పించి లోపలికి వచ్చేవారో రాయండి. మంచులో నడక గురించి అందమైన వాక్యాలు ఎవరైనా రాయగలరు, మీ బూట్లు తడిస్తే ఎక్కడ ఆరబెట్టారో మీకే తెలుసు.

రెండోది ఆ అమ్మాయి విషయం. పేరు మార్చండి, ఊరు మార్చండి. ఆమె అన్న మాటలు నిజంగా గుర్తున్నవి మాత్రమే రాయండి, గుర్తులేని చోట సంభాషణ కల్పించకండి. మీరు వచ్చేశారు, ఆమె ఉండిపోయింది. ఆ వచ్చేయడం ఎవరి నిర్ణయమో, ఆమెకు మీరు ఏమని చెప్పారో దాటవేయకండి. విజయవాడ నుంచి రాసిన అధ్యాపకురాలు హ్యూస్‌లో లోపంగా చూపినది సరిగ్గా అదే, ఆ లోపం మీరు పూరించగలరు. ఆ తర్వాత ఆమె జీవితం ఎలా సాగిందో తెలియకపోతే తెలియదని రాయండి, చాలు.

ఇక మీ శ్రీమతిగారి సంగతి. అచ్చయ్యాక పుస్తకం చూసి తెలుసుకోవడం ఆవిడకు కష్టం కావచ్చు. మొదటి అధ్యాయం పూర్తికాగానే ఆవిడకు మీరే చదివి వినిపించండి. ఇన్నేళ్ళు కలిసి బతికిన మనిషికి మాస్కో గురించి మీరు అనుకుంటున్నదాని కన్నా ఎక్కువే తెలిసి ఉండవచ్చు. ఆవిడ వద్దంటే కాగితాలు బీరువాలో ఉంటాయి, మనవలు పెద్దవాళ్ళయ్యాక చదువుకుంటారు. సరేనంటే, ఆ హాస్టల్ రోజుల అధ్యాయాన్ని ముందుగా మా పత్రికకు పంపమని కోరుతున్నాను. కాగితానికి ఒకవైపే రాయండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.